తొమ్మిది నీలి షీట్లు: ముహూర్తాల మధ్య ఒక సయనోటైప్ డైరీ

హన్మకొండలో పెళ్లి ఫొటోలు తీయడం నా పని. "మా బిడ్డకు ఆడపిల్ల ఫొటోగ్రాఫరే కావాలె" అని పిలిచేవాళ్లు ఉన్నారు కాబట్టి పనికి కొదవ లేదు. దాంతోపాటు దూరవిద్యలో ఫొటోగ్రఫీ డిప్లొమా చదువుతున్నాను. ఈ రెండింటి సందులో, బతుకమ్మ తొమ్మిది రోజులకు తొమ్మిది సయనోటైప్ ప్రింట్లు చేయాలని పెట్టుకున్నాను. కెమెరా ఉండదు. మందు పూత వేసిన కాగితం మీద బతుకమ్మలో పేర్చే పూలనే పెట్టి ఎండతో ముద్ర వేయించడం. కడిగాక, ఎండ తగిలిన చోటు నీలంగా, పూల నీడ పడిన చోటు తెల్లగా మిగులుతుంది.

మొదట్లో ఎంత హుషారుగా ఉన్నానో ఇక్కడ రాయను, దాంతో ఎవరికీ పని లేదు. మీరూ ఇదే చేయాలనుకుంటే నేను తగలేసినన్ని కాగితాలు మీరు తగలేయకూడదని ఈ డైరీ. ప్రతి దశ చివర నాలుగు లెక్కలుంటాయి: ఖర్చు, పూత వేసిన షీట్లు, అందులో నిలిచినవి, ఈ పనికి పెట్టిన గంటలు.

దశ 1: మే, జూన్ 2024. మూఢం

ఆ రెండు నెలలూ మూఢం. ముహూర్తాలు లేవు, ఒక్క పెళ్లి లేదు. చేతిలో డబ్బు లేదు, ఎండ మాత్రం బోలెడుంది.

పద్ధతి పాతది. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. మరుసటి ఏడాదే ఆనా ఆట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచును నేరుగా కాగితం మీద పెట్టి ప్రింట్లు తీయడం మొదలుపెట్టింది. నేను చేసేది ఆవిడ పనే, నాచుకు బదులు తంగేడు. ఇంజినీర్లు "బ్లూప్రింట్" అనేది కూడా మొదట్లో ఇదే. మా బాపు ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాడు. ఈ సంగతి చెబితే "మా ఆఫీసులో మ్యాపులు అమ్మోనియా వాసన కొట్టేటివి, ఇది కొడ్తలేదేంది" అన్నాడు. అది తర్వాత వచ్చిన వేరే పద్ధతి అని చెప్పడానికి అరగంట పట్టింది.

మందు కలిపే విధానం:

1. ఏ సీసా: ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ (ఆకుపచ్చది) 25 గ్రాములు, 100 మి.లీ. నీళ్లలో.
2. బి సీసా: పొటాషియం ఫెర్రీసయనైడ్ 10 గ్రాములు, 100 మి.లీ. నీళ్లలో.
3. నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపులో 5 లీటర్ల డబ్బా దొరుకుతుంది. యాసిడ్ డబ్బా పక్కనే ఉంటుంది, లేబుల్ చూసి తీసుకోండి.
4. వాడే ముందు రెండూ సమానంగా కలపాలి. 10 x 12 అంగుళాల షీటుకు మొత్తం 4 మి.లీ. చాలు.
5. పూత వేసేటప్పుడు ట్యూబులైటు ఆర్పేసి, పాత రకం జీరో బల్బు వేసుకోవాలి.

సయనైడ్ అన్న పేరు వినగానే అమ్మ వంటింటి గడప దగ్గర నన్ను ఆపేసింది. ఫెర్రీసయనైడ్ ఆ సయనైడ్ లాంటిది కాదు. కానీ బాత్‌రూమ్ కడిగే యాసిడ్ లాంటి ఘాటు ఆమ్లం దాని దగ్గరికి రానివ్వకూడదు, విషవాయువు పుడుతుంది. గ్లౌజులు వేసుకోండి. ఇందులో వాడిన గిన్నె, చెంచా మళ్లీ వంటకు వాడొద్దు. అమ్మ భయం పూర్తిగా తప్పేమీ కాదని తర్వాత ఒప్పుకున్నాను.

మొదటి తప్పు బ్రష్షు. మామూలు పెయింటింగ్ బ్రష్షుకు వెంట్రుకలను పట్టి ఉంచే రేకు ఉంటుంది కదా, మందు దానికి తగిలి పూతలో నీలి మరకలు పడ్డాయి. 5 షీట్లు పోయాయి. ఫోమ్ బ్రష్షుకు మారాను.

రెండో తప్పు ఇంకా ఖరీదైంది. స్టేషనరీ షాపులో "యాసిడ్ ఫ్రీ" అని రాసి ఉన్న మందపాటి కాగితం కొన్నాను. మంచిదే కదా అనుకున్నాను. ప్రింటు నీళ్లలోంచి తీసినప్పుడు నీలంగానే ఉండేది. ఆరేసరికి పాలిపోయి, పసుపూ బూడిదా కలిసినట్టు తయారయ్యేది. ఎండ చాలలేదేమో అని సమయం పెంచాను. మందు పలచనైందేమో అని మళ్లీ కలిపాను. ఇలా 20 షీట్లు. చివరికి ఒక మూల మీద వెనిగర్ చుక్క వేశాను. సన్నగా బుడగలు లేచాయి.

ఆ కాగితంలో సుద్ద ఉంది. కాగితం ఏళ్ల తరబడి పాడవకుండా ఉండాలని తయారుచేసేవాళ్లే కలుపుతారు. సుద్ద క్షారం. సయనోటైప్‌లోని నీలానికి క్షారం పడదు. కాబట్టి కాగితం కొనే ముందు చిన్న ముక్క అడిగి తెచ్చుకుని వెనిగర్ చుక్క వేసి చూడండి. ఇప్పటికే కొనేసి ఉంటే నిమ్మ ఉప్పు 50 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, కాగితాన్ని అరగంట నానబెట్టి, కడిగి ఆరబెట్టండి. మిగిలిన షీట్లకు నేను అదే చేశాను. పూర్తిగా కాకపోయినా పని జరిగింది.

ఎండ లెక్క: ఒక షీటు మీద నల్ల అట్ట పెట్టి, రెండేసి నిమిషాలకు ఒక అంగుళం చొప్పున జరిపాను. మే 20 ప్రాంతంలో, ఉదయం 11 గంటలకు, మా డాబా మీద 8 నిమిషాలు సరిగ్గా సరిపోయింది. 12 నిమిషాలు దాటితే పూల నీడల్లోకి కూడా నీలం పాకింది.

ఖర్చు విడిగా: ఏ మందు 500 గ్రా. రూ. 1,150, బి మందు 500 గ్రా. రూ. 850, నీళ్లు 100, రంగు సీసాలు రెండు 160, చిన్న త్రాసు 450, 5 మి.మీ. అద్దం, చెక్క, క్లిప్పులు 480, ఫోమ్ బ్రష్షులు, గ్లౌజులు 210, కాగితం 900. మందు అంత అక్కర్లేదు, తక్కువ ప్యాకింగ్ దొరక్క కొన్నాను.

మొత్తం ఇప్పటికి: రూ. 4,300 | 38 షీట్లు | నిలిచినవి 3 (అన్నీ పరీక్షలే) | 46 గంటలు

దశ 2: జూలై నుంచి సెప్టెంబర్. ముసురు, శ్రావణం, ఒక టైంటేబుల్ చావు

ముసురు పట్టింది. పూత వేసిన కాగితం మేలో 20 నిమిషాల్లో ఆరేది, ఇప్పుడు మూడు గంటలైనా చల్లగా తగిలేది. గదిలో తేమ 84 శాతం చూపించింది. ఆరే లోపలే పూత ఆకుపచ్చ నుంచి నీలానికి తిరిగింది, 4 షీట్లు చీకట్లోనే పోయాయి. ఏ సీసాలో పైన బూజు తేలింది. ఆ మందుకు బూజు పట్టడం మామూలేనట. కాఫీ ఫిల్టర్ కాగితంతో వడకట్టి వాడాను. అప్పటి నుంచి ఒకేసారి 50 మి.లీ. కంటే ఎక్కువ కలపడం లేదు.

శ్రావణం రాగానే పెళ్లిళ్లు మొదలయ్యాయి. నేను పెట్టుకున్న టైంటేబుల్ ఇది: రోజూ పొద్దున 5 నుంచి 7 వరకు చదువు, మంగళవారం, ఆదివారం ప్రింట్లు. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది. 11 రోజులు నడిచింది. పన్నెండో రోజు తెల్లవారుజామున 3:40కి లగ్నం. తలంబ్రాలు, అరుంధతి, అప్పగింతలు అయ్యి ఇంటికి వచ్చేసరికి ఎండెక్కింది. పొద్దున 5 గంటలకు చదువుకోవడమంటే ఆ వేళకు ఇంట్లో ఉండాలి కదా.

అయినా మొండిగా పట్టాను. ఒక రిసెప్షన్ ముగించుకుని రాత్రి రెండింటికి వచ్చి, "ఈ రోజు ఖాతాలో ఏదో ఒకటి పడాలి" అని 6 షీట్లకు పూత వేసి పడుకున్నాను. మర్నాడు ఎండలో పెట్టాను. కడిగితే తెల్ల కాగితం మిగిలింది. ఆరుకు ఆరు తెల్లగా. నిద్రమత్తులో రెండుసార్లూ ఏ సీసాలోంచే పోశాను. బి చుక్క కూడా పడలేదు. అవి కొత్తగా కొన్న కాటన్ కాగితం షీట్లు, ఒక్కొక్కటి 65 రూపాయలు.

ఈ దెబ్బతో మార్చినవి:

1. బి సీసాకు ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టాను. చీకట్లో చెయ్యి పెట్టినా తెలుస్తుంది.
2. పెళ్లి ఉన్న రోజున, మరుసటి రోజున మందు ముట్టుకోకూడదు.
3. టైంటేబుల్ చించేశాను. గోడకు పంచాంగం క్యాలెండర్ తగిలించి, ముహూర్తాలున్న రోజులన్నీ ఎర్ర స్కెచ్‌తో కొట్టేశాను. మిగిలిన తెల్ల గళ్లే నా సొంత పనికి.

మూడోది చేసేటప్పుడు కొంచెం సిగ్గుగానే అనిపించింది, కళకు పంచాంగం చూడటమేమిటని. కానీ నా బతుకు ఎప్పట్నుంచో దాని ప్రకారమే నడుస్తోంది. మూఢాలు, ఆషాఢం, భాద్రపదం, పుష్యం అన్నీ కలిపితే ఏడాదిలో నాలుగు నెలల పైన ఖాళీ వస్తుంది. ఇన్నాళ్లూ ఆ నెలల్లో "గిరాకీ లేదు" అని దిగులుగా కూర్చునేదాన్ని. దిగులు ఇప్పుడూ ఉంది, ఈఎంఐ శూన్యమాసమని ఆగదు కదా. కాకపోతే దిగులుపడుతూ పూత వేస్తున్నాను.

ఇంకొక విషయం మానేశాను. మొదట్లో అనుకున్నది పూలు కాదు, ఫొటోలే. హన్మకొండలోని పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ రోజున తీసిన నా పాత ఫొటోలను డీటీపీ సెంటర్లో ఓహెచ్‌పీ షీట్ల (అవతలిది కనపడే ప్లాస్టిక్ షీట్లు) మీద నెగటివ్‌గా తీయించి ప్రింటు చేద్దామనుకున్నాను. 4 చేశాను, ఒకటి బాగానే వచ్చింది. టెక్నికల్‌గా తప్పు పట్టడానికేం లేదు. గోడకు ఆనించి చూస్తే మాత్రం నీలిరంగు పెళ్లి ఆల్బమ్‌లా ఉంది. అదే కోణం, అదే నవ్వు, వెనక అదే మసక. పన్నెండేళ్లుగా చేతికి పట్టిన అలవాటు. కెమెరా పక్కన పెడితే తప్ప ఈ అలవాటు పోదని అప్పుడే తేల్చుకున్నాను. పూలను నేరుగా పెట్టాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఇది స్ఫూర్తి అంటారో, విసుగు అంటారో నాకు తెలియదు.

డిప్లొమా అసైన్‌మెంట్ ఒకటి గడువు దాటింది. ఫైన్ కట్టాను. దాన్ని ఈ లెక్కలో వేయడం లేదు.

ఈ దశ ఖర్చు: నిమ్మ ఉప్పు 100, హైడ్రోజన్ పెరాక్సైడ్ 60, పీహెచ్ పట్టీలు 140, ఓహెచ్‌పీ షీట్లు 240, కాటన్ కాగితం 40 ముక్కలు 2,600.

మొత్తం ఇప్పటికి: రూ. 7,440 | 52 షీట్లు | నిలిచినవి 4 | 61 గంటలు

దశ 3: అక్టోబర్ 2 నుంచి 10. పూలు

ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల వరకు తొమ్మిది రోజులు. సాయంత్రాలు ఫొటోల పని ఉంటుంది, పొద్దున పూలు. అమ్మ ముందే షరతు పెట్టింది.

"పేర్చినంక ఒక్క పువ్వు గూడ తియ్యొద్దు. నీళ్లల్ల ఇడిసినయి అసలే ముట్టొద్దు. పేర్చంగ మిగిలినయి తీస్కో."

"మిగలకపోతే?"

"ఎక్కువ తెంపుకరా మరి."

అలా రోజూ రెండింతలు తెంపుకొచ్చాను. వాటిని నొక్కి ఆరబెట్టడానికి: కింద ప్లైవుడ్డు, పైన పాత పేపర్లు, వాటి మధ్య అద్దుడు కాగితం, అందులో పూలు, పైన మళ్లీ ప్లైవుడ్డు, దాని మీద నాలుగు ఇటుకలు. మొదటి మూడు రోజులు రోజూ పేపర్లు మార్చాలి. నేను రెండో రోజు మార్చలేదు, దేవీ నవరాత్రుల ఈవెంటు ఒకటి ఉండింది. మూడో రోజుకు గుమ్మడి పూలు పేపరుకు అంటుకుని నల్లగా కుళ్లిపోయాయి. వాటిని వదిలేసి గుమ్మడి ఆకులు పెట్టాను.

పువ్వు పువ్వుకు ఒక తీరు:

తంగేడు అన్నిటికంటే సులువు. ఆరు రోజుల్లో ఆరింది. రేకులు పలచన, ఎండ వాటిలోంచి కొంచెం దూరుతుంది. అందుకే ప్రింటులో రేకు లోపలి ఈనెలు కూడా లేత నీలంగా పడ్డాయి.

బంతి పువ్వు మొత్తంగా పెడితే లోపల బూజు పడుతుంది. ఆరినా రెండు సెంటీమీటర్ల ఎత్తుంటుంది, అద్దం దాని మీద నిలబడుతుంది కానీ కాగితానికి ఆనదు, అంచులన్నీ మసక. రేకులు విడదీసి పెట్టాల్సిందే.

కట్లపూలు చిన్నవి, రెండు రోజుల్లో ఆరిపోయాయి. సన్నగా ఉంటాయి కాబట్టి ఫ్యానుగాలికి ఎగిరిపోతాయి. పటకారుతో పెట్టండి.

గునుగు దగ్గర నేను ఇంకా గెలవలేదు. కంకి గుండ్రంగా ఉంటుంది, ఎంత నొక్కినా పీటలా మారదు. కంకి నిండా గింజలు. ఆవగింజ కంటే చిన్నవి, నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తుంటాయి. కంకిని ఎటు కదిపినా నాలుగు రాలుతాయి. అవి గది గచ్చులో, గ్లౌజుల వేళ్లలో, బ్రష్షు ఫోములో, అన్నిచోట్లా దొరికాయి. కాగితం మీద గింజ పడితే దాని కింద ఎండ తగలదు, కడిగాక అక్కడ తెల్ల చుక్క. ఆరిన కంకులను దువ్వెనతో దువ్వి, జల్లెడలో కొట్టి, అప్పుడు ప్రింటు గదిలోకి తెచ్చాను.

ఖర్చు: ప్లైవుడ్డు, అద్దుడు కాగితం 350.

మొత్తం ఇప్పటికి: రూ. 7,790 | 52 షీట్లు | నిలిచినవి 4 | 80 గంటలు

దశ 4: కార్తీకం, మార్గశిరం

14 పెళ్లిళ్లు. షీట్లు 0. గంటలు 0.

ఈసారి ఆ సున్నా గురించి టెన్షన్ పడలేదు, క్యాలెండర్ మీద అన్నీ ఎర్ర గళ్లే కదా. చదువు మాత్రం కొంచెం సాగింది. ఫంక్షన్ హాల్లో పెళ్లికి, అప్పగింతలకు మధ్య గంటన్నర ఖాళీ వస్తుంది. బ్యాటరీలు ఛార్జింగ్‌కు పెట్టి, జనరేటర్ చప్పుడు వినపడని మూల చూసుకుని, ఫోనులో పాఠాలు చదివేదాన్ని.

అప్పుడే రాజా దీన్‌దయాళ్ గురించిన పాఠం వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అని అందరికీ తెలుసు. నాకు కొత్తగా తెలిసింది అంతకుముందు సంగతి. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చేస్తూ, 1870లలో పక్కపనిగా ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు. బాపుకు చెబితే "డ్రాఫ్ట్స్‌మన్లకు చేతిల పని ఉంటది మరి" అని మీసం సవరించుకున్నాడు. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు, నడిపింది కూడా ఒక మహిళే. "ఆడపిల్ల ఫొటోగ్రాఫరే కావాలె" అనే గిరాకీ నాతో మొదలైంది కాదన్నమాట.

అద్దెకు తెచ్చిన లైట్లు సర్దుతూ ఒకటనుకున్నాను. ఆ రోజుల్లో వాళ్లు గాజు పలకలు మోసుకుంటూ ఎండ కోసం కాచుక్కూర్చునేవాళ్లు. నేనూ ఇప్పుడు అక్కడికే పోతున్నాను, కాకపోతే ఎండ దొరికే రోజున నా పక్కన డ్రోన్ ఆపరేటర్ ఉంటాడు.

మొత్తం: మార్పు లేదు.

దశ 5: డిసెంబర్ 16 నుంచి జనవరి 29. ధనుర్మాసం, పుష్యం

అసలు పనంతా ఈ ఆరు వారాల్లోనే జరిగింది. రోజూ పొద్దున 10:30 నుంచి మధ్యాహ్నం 1 వరకు డాబా మీదే.

ఎండ మారిపోయింది. మేలో 8 నిమిషాలు పట్టినది జనవరిలో అదే వేళకు 14 పట్టింది. మధ్యాహ్నం మూడున్నరకు 25 నిమిషాలు పెట్టినా పేలవంగానే వచ్చింది, మూడు షీట్లు వృథా. వేడికీ దీనికీ సంబంధం లేదు, పని చేసేది ఎండలోని యూవీ, అంటే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు. పొద్దు వాలినకొద్దీ అది తగ్గుతుంది.

నా వరస ఇలా కుదిరింది:

1. ముందు రోజు రాత్రి 8 గంటలకు జీరో బల్బు కింద 4 షీట్లకు పూత. ఒకసారి అడ్డంగా, వెంటనే ఒకసారి నిలువుగా.
2. బీరువాలో తీగకు క్లిప్పుతో వేలాడదీసి రాత్రంతా ఆరబెట్టడం.
3. పొద్దున 10:30కి చెక్క మీద షీటు, పూలు, అద్దం, నాలుగు వైపులా క్లిప్పులు.
4. 14 నిమిషాలు ఎండ. పూత ఆకుపచ్చ నుంచి నీలానికి, అక్కడి నుంచి ఇత్తడి గిన్నె మసిపట్టినట్టు బూడిద రంగుకు తిరగాలి. నీలం దగ్గరే తీసేస్తే కడుగులో పోతుంది.
5. నీళ్లలో 5 నిమిషాలు, పసుపు రంగు దిగేదాకా నీళ్లు మార్చడం.
6. లీటరు నీళ్లలో మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు మూతలు పోసి అర నిమిషం. నీలం కళ్ల ముందే చిక్కబడుతుంది. దానికదే ఒకరోజులో చిక్కబడేదే, ఆగలేని వాళ్లకు ఇది.
7. మళ్లీ 10 నిమిషాలు కడిగి, నీడలో ఆరబెట్టడం.

ఐదో మెట్టు దగ్గర మళ్లీ బోల్తాపడ్డాను. మేలో నల్లా నీళ్లతో కడిగాను. డిసెంబర్‌లో నల్లా రెండు రోజులకోసారి వచ్చేది, అందుకని బోరు నీళ్లు పట్టాను. నాలుగు రోజుల్లో 12 ప్రింట్లు. టబ్బులో వేసినప్పుడు ముదురు నీలం, పావుగంటకు ఉతికి ఉతికి వెలిసిన బడి చొక్కా రంగు. కాగితం బాగుంది, వెనిగర్ పరీక్ష నెగ్గిన కాగితమే. మందు కొత్తది. మూడు రోజులు మందునే అనుమానించాను.

నాలుగో రోజు అమ్మ మా బోరు నీళ్లతో పప్పు పెట్టి, ఉడకడం లేదని విసుక్కుంటోంది. "గీ సప్ప నీళ్లల్ల పప్పు ఉడ్కది, సబ్బు నురగ రాదు" అంది. పీహెచ్ పట్టీ (7 దాటితే క్షారం, తగ్గితే ఆమ్లం) తెచ్చి ముంచాను: 8 దాటింది. నల్లా నీళ్లు 7 దగ్గర. ఆర్‌వో బాగుచేసే అబ్బాయి దగ్గర టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) అడిగి పెట్టి చూస్తే బోరు 940. మేలో కాగితంలోని సుద్ద చేసిన పనే ఇప్పుడు నీళ్లు చేస్తున్నాయి. ఏడు నెలల కింద నేర్చుకున్న పాఠం, వేరే వేషంలో వచ్చేసరికి గుర్తుపట్టలేదు.

విరుగుడు చాలా చిన్నది: మొదటి కడుగుకు 5 లీటర్ల నీళ్లలో ఒక చెంచా, అంటే 5 గ్రాముల నిమ్మ ఉప్పు. పీహెచ్ 5కు దిగింది. నీలం నిలబడింది, తెల్లలు కూడా ఇంకా శుభ్రంగా వచ్చాయి. చివరి కడుగు నల్లా నీళ్లతో. నల్లా రాని రోజుల కోసం డ్రమ్ము ఒకటి నింపి పెట్టుకున్నాను.

జనవరి 14న ఇంకో నష్టం. సంక్రాంతి, డాబా నిండా పతంగుల పిల్లలు. నేను కింద టబ్బు దగ్గర ఉన్నాను. పైన "అక్కా... అక్కా" అని వినపడగానే అర్థమైంది. ఎక్స్‌పోజ్ అవుతున్న ఫ్రేము మీద ఎవరో వెనక్కి నడుస్తూ కాలు వేశారు. అద్దం మూడు ముక్కలు. అదృష్టం, కాలికేం కాలేదు. ఆ షీటు మీద పగులు గీత సన్నగా నీలం మధ్య పడింది. రెండు రోజులు అది "బాగుంది కదా" అనిపించింది. మూడో రోజు అనిపించలేదు, చించేశాను.

జనవరి 29 నాటికి తొమ్మిదిలో ఎనిమిది వచ్చాయి. నానబియ్యం రోజుకు కట్లపూలు, వేపకాయల రోజుకు వేపరొట్ట, ఇలా. సద్దుల బతుకమ్మ షీటు ఒక్కదానికే 13 ప్రయత్నాలు పట్టాయి. అన్ని పూలూ వరసలు వరసలుగా గుండ్రంగా, బతుకమ్మను పైనుంచి చూసినట్టు పేర్చాలి. నేను స్కేలు, కంపాస్ పెట్టి కాగితం కింద గీతలు గీసుకుని పేరిస్తే కేకు మీద డిజైన్‌లా ఉంది. చివరికి అమ్మను డాబా మీదికి పిలిచాను. ఆమె గీతలు చూడలేదు. నేల మీద కూర్చుని, తాంబాలంలో పేర్చినట్టే వేళ్లతో నొక్కుకుంటూ నాలుగు నిమిషాల్లో పేర్చేసింది. నడుమ కొంచెం వంకర. అదే ఉంచాను.

"గిది ఎండల పెడ్తె మాడిపోతది గదనే" అంది.

"పూలు పోతయమ్మా, నీడ ఉంటది."

"నీడ ఏం జేస్కుంటవ్?" అని మోకాలు పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

ఈ దశ ఖర్చు: కాటన్ కాగితం ఇంకో 40 ముక్కలు 2,600, కొత్త అద్దం 260.

మొత్తం ఇప్పటికి: రూ. 10,650 | 106 షీట్లు | నిలిచినవి 12 | 154 గంటలు

దశ 6: మాఘం. మధ్యమధ్య తెల్ల గళ్లు

మిగిలింది ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. పువ్వు లేని రోజుకు పువ్వుతో ప్రింటు ఏం చేస్తాను? ఏమీ పెట్టకుండా పూత వేసి, ఎండలో పెట్టి, కడిగేద్దామనుకున్నాను. షీటంతా ఉత్త నీలం. తొమ్మిదింటిలో ఇదే తేలికని చివరికి ఉంచుకున్నాను.

ఇదే అన్నిటికంటే కష్టమైంది. పువ్వు ఉంటే కన్ను పువ్వు మీదికి పోతుంది, పూతలో లోపాలు కనపడవు. ఉత్త నీలంలో ప్రతిదీ కనపడుతుంది. షీటు 1, 2: బ్రష్షు చారలు. 3: అంచున మందు మడుగు కట్టి ముదురు మరక. 4: వెంట్రుక. 5: నా బొటనవేలు. 6, 7: ఆరబెట్టేటప్పుడు క్లిప్పు దగ్గర నుంచి కారిన గీత. బ్రష్షు వదిలేసి, కెమికల్ షాపులో రూ. 30 గాజు కడ్డీ కొనాలనుకున్నాను. షాపతను పాత గిరాకీ అని ఉచితంగా ఇచ్చాడు. షీటు పైఅంచున మందు గీతలా పోసి, కడ్డీతో ఒక్క ఊపున కిందికి లాగాలి, మధ్యలో ఆగకూడదు. 8, 9లో ఆగాను. 10లో ఆగలేదు కానీ మబ్బు కమ్మింది, సగం ఒక నీలం, సగం ఇంకో నీలం. వేలాడదీయడం కూడా మానేసి బల్లమీద పరిచి ఆరబెట్టాను.

ఈలోగా ఫ్రేములకు ఆర్డరిచ్చాను, ఒక్కొక్కటి రూ. 650 చొప్పున తొమ్మిది. నేరుగా ఎండ తగిలే గోడకు పెట్టొద్దని రాసి అతికించాను. సయనోటైప్ ఎక్కువ వెలుతురులో పాలిపోతుంది. చీకట్లో కొన్నాళ్లు పెడితే చాలావరకు తిరిగి వస్తుంది కూడా, బీరువా తలుపు లోపల ఒకటి పెట్టి చూస్తున్నాను.

ఫిబ్రవరి 20. తెల్ల గడి. ఆకాశంలో మబ్బు లేదు. 11వ షీటు. 13 నిమిషాలు, నిమ్మ ఉప్పు కడుగు, పెరాక్సైడ్. ఆరాక కిటికీ దగ్గర పెట్టి ఏటవాలుగా చూశాను. చార లేదు, గీత లేదు, మడుగు లేదు. ఈ మూల నుంచి ఆ మూలకు ఒకటే నీలం. కింద కుడి వైపు, అంచుకు రెండు అంగుళాల లోపల, ఒక తెల్ల చుక్క.

ఎండలో పెట్టే ఫ్రేము విప్పి అద్దం తిరగేశాను. అద్దం అడుగున అంటుకుని ఉంది, గునుగు గింజ. గోటితో తీసి అరచేతిలో వేసుకున్నాను. ఇంకా మెరుస్తూనే ఉంది.

కాటన్ కాగితం ఒక్క ముక్క మిగిలింది. రేపు తెల్లవారుజామున లగ్నం, రాత్రికి బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టాలి. అమ్మకు చూపిస్తే "ఇంకోటి జెయ్యకు" అంది, ఎందుకో చెప్పలేదు. ఫ్రేము కొలత తీసుకుని ఆ 11వ షీటునే కవర్లో పెట్టాను. మిగిలిన ముక్క బీరువాలో ఉంది.

మొత్తం: రూ. 16,500 | 117 షీట్లు | నిలిచినవి 12, చుక్క షీటును లెక్కేస్తే 13 | 170 గంటలు